మూడు రకాల మిర్చి కలిపిన కారానికి కిలో ధర కట్టే పద్ధతి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు 334 రకం మిర్చి 60 కిలోలు, తేజ 25 కిలోలు, బాడిగ 15 కిలోలు కలిపి కారం పట్టిస్తున్నారు. కాయ ధరలు వరుసగా కిలోకు 160, 200, 320 రూపాయలు. మూడు ధరలను కూడి మూడుతో భాగిస్తే మీకు 226 రూపాయల 67 పైసలు వస్తోంది. మీ గుమాస్తా 194 రూపాయలే అంటున్నారు. నెలాఖరున సరుకూ డబ్బూ సరిచూసుకుంటే ఈ రెండూ కాకుండా 218 రూపాయల దగ్గర తేలుతోంది. వీటిలో ఏది నిజమని అడిగారు. కారం మిల్లు లెక్కలు ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నవాణ్ని కనుక కొంత వివరంగా రాస్తున్నాను. ఈ లెక్కలో పడే పొరపాట్లు చూడటానికి చిన్నవే అయినా, టన్నుల మీదకు వెళ్లేసరికి ఒక చిన్న మిల్లు ఏడాది లాభాన్ని తినేయగలవు.

మొదటి అంకె, అంటే 226.67, ఈ మిశ్రమానికి సంబంధించినదే కాదు. మూడు రకాలనూ సమానమైన తూకంలో కలిపితేనే ధరల మామూలు సగటు మిశ్రమం ధర అవుతుంది. మీ మిశ్రమంలో బాడిగ 15 పాళ్లే ఉండగా, ఈ లెక్క దానికి 33 పాళ్ల బరువు ఇచ్చింది. అందువల్లనే ధర అంత పైకి పోయింది. ప్రతి రకం ధరనూ ఆ రకం తూకంతో గుణించి, వచ్చిన మొత్తాలను కూడి, మొత్తం తూకంతో భాగించడమే సరైన పద్ధతి. 334కు 9,600, తేజకు 5,000, బాడిగకు 4,800, వెరసి 19,400 రూపాయలు. దానిని 100 కిలోలతో భాగిస్తే 194 రూపాయలు. మీ గుమాస్తా చెప్పినది ఇదే, అంకెలో తప్పు లేదు. అయితే అది మిల్లులోకి వెళ్లే కాయ ధర. మీరు అమ్మేది మిల్లులోనుంచి వచ్చే కారం.

ఈ రెండింటికీ మధ్య తరుగు ఉంటుంది. ముచ్చికలు తీస్తాం, ఎండలో ఆరబోస్తే తేమ పోతుంది, దుమ్మూ మట్టీ జల్లెడలో పోతాయి, పట్టేటప్పుడు కొంత పొడి గాలిలో కలుస్తుంది, మరికొంత మిల్లు లోపల అంటుకుంటుంది. డబ్బు మాత్రం తగ్గదు. 19,400 రూపాయలు పెట్టి కొన్న 100 కిలోల కాయ 89 కిలోల కారంగా మారితే, ఆ 19,400 రూపాయలనూ ఇప్పుడు 89 కిలోలే మోయాలి. అలా భాగిస్తే 217.98 వస్తుంది. నెలాఖరున మీకు తేలిన 218 ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఈ సూత్రం మన దేశంలో చాలా పాతది. 1150లో భాస్కరాచార్యుడు రచించిన గణిత గ్రంథం లీలావతిలో బంగారం లెక్కలకు ఒక ప్రకరణమే ఉంది. వన్నె అంటే బంగారం స్వచ్ఛత, మాష ఒక పాత తూకం. 13 వన్నె బంగారం 10 మాషలు, 12 వన్నెది 4 మాషలు, 11 వన్నెది 2 మాషలు, 10 వన్నెది 4 మాషలు కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద వన్నె ఎంత అని అందులో ఒక ప్రశ్న. తూకాన్ని వన్నెతో గుణించి కూడితే 240, మొత్తం తూకం 20 మాషలు, కనుక ముద్ద వన్నె 12. ఆ వెంటనే, ఈ బంగారాన్ని శుద్ధి చేసినప్పుడు 16 మాషలే మిగిలితే వన్నె ఎంత అని అడుగుతాడు. పైనున్న 240 కదలదు, కింద ఉన్న 20 మాత్రం 16 అవుతుంది, కనుక వన్నె 15. మీ గుమాస్తా చెప్పిన 194 మొదటి ప్రశ్నకు జవాబైతే, మీకు తేలిన 218 రెండో ప్రశ్నకు జవాబు. కంసాలి మూసలో పోయే మలినానికీ మన మిల్లులో పోయే ముచ్చికకూ లెక్కలో తేడా లేదు.

ఇంతవరకు అర్థమైనవారు కూడా తరువాతి మెట్టు దగ్గర పొరపాటు పడతారు. తరుగు అన్ని రకాలకూ ఒకేలా ఉండదు. తేజ కాయ సన్నగా, చిన్నగా ఉంటుంది కనుక కిలోకు కాయల సంఖ్య ఎక్కువ, ముచ్చికలూ ఎక్కువే. బాడిగ ముడతలు పడి ఉండే కాయ, ఆ ముడతలలో దుమ్ము నిలుస్తుంది. ఉదాహరణకు 334లో నూటికి 10, తేజలో 12, బాడిగలో 14 కిలోలు తరుగు వస్తోందనుకుందాం. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలు, మీ సరుకు తరుగును మీ కాటా మీదే తేల్చుకోవాలి. మూడు తరుగుల సగటు 12 కదా అని 19,400ను 88తో భాగించేవారిని చూశాను. అలా చేస్తే 220.45 వస్తుంది. ధరల దగ్గర సరిదిద్దుకున్న పొరపాటునే తరుగు దగ్గర మళ్లీ చేసినట్టు. సరైన లెక్కలో 334 నుంచి 54 కిలోలు, తేజ నుంచి 22, బాడిగ నుంచి 12.9, మొత్తం 88.9 కిలోల కారం వస్తుంది. 19,400ను 88.9తో భాగిస్తే కిలో 218.22 పడుతుంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. 60, 25, 15 అనే పాళ్లు కాయ తూకంలోనా, కారం తూకంలోనా? మూడు రకాల కాయనూ కలిపి ఒకేసారి పట్టిస్తున్నట్టయితే పైన చెప్పిన లెక్కే వర్తిస్తుంది. ఏ రకానికి ఆ రకం విడిగా పట్టించి, పొడులను ఈ పాళ్లలో కలుపుతున్నట్టయితే లెక్క మారుతుంది. అప్పుడు ముందుగా ప్రతి రకానికీ పొడి ధర కట్టాలి. 334కు 160ని 0.90తో భాగిస్తే 177.78, తేజకు 200ను 0.88తో భాగిస్తే 227.27, బాడిగకు 320ని 0.86తో భాగిస్తే 372.09. వీటిని 60, 25, 15 పాళ్లతో గుణించి కూడి నూటితో భాగిస్తే కిలో కారం 219.30 పడుతుంది. రెండు పద్ధతులకూ తేడా కిలోకు ఒక రూపాయి ఎనిమిది పైసలు. పది టన్నులు అమ్మేవారికి అది సుమారు 10,800 రూపాయలు. ఈ మధ్యలో ఎక్కడా పైసలను రూపాయిలోకి సవరించకండి. ఆ సవరణ ఒక్కసారే, చివరి అంకె దగ్గర చేయాలి.

పైగా ఆ రెండూ ఒకే కారం కావు. కాయ తూకంలో 15 పాళ్లు వేసిన బాడిగ, తరుగు పోయాక కారంలో 14.51 పాళ్లే ఉంటుంది. తరుగు తక్కువైన 334 మాత్రం 60.74 పాళ్లకు పెరుగుతుంది. రంగు కోసం బాడిగ, ఘాటు కోసం తేజ వేస్తాం కదా, ఆ రంగు అంత మేరకు తగ్గుతుంది. ల్యాబ్ రిపోర్టులలో రంగును ఆస్టా అంకెలలో ఇస్తారు. దానికీ ఇదే తూకపు సగటు పనిచేస్తుంది. మీ రిపోర్టులలో 334కు 40, తేజకు 60, బాడిగకు 140 ఉందనుకుంటే, పొడి తూకంలో కలిపిన మిశ్రమానికి 60 వస్తుంది, కాయ తూకంలో కలిపినదానికి 59.46 వస్తుంది. కొనేవారు 60కి తగ్గకూడదని ఒప్పందం రాయించుకుంటే, ఈ అర అంకెకే లోడు తిరిగి రావచ్చు. నా సలహా ఏమిటంటే, రంగుకూ ఘాటుకూ మాట ఇచ్చి అమ్మేవారు పాళ్లను ఎప్పుడూ పొడి తూకంలోనే రాసి పెట్టుకోవాలి.

బస్తాల లెక్కన కలిపేవారికి ఒక హెచ్చరిక. నాలుగు టిక్కీల (మిర్చి బస్తాల) 334కు ఒక టిక్కీ బాడిగ వేశాం, కనుక తూకంలోనూ నాలుగుకు ఒకటి పాళ్లే అనుకుంటారు. బాడిగ ముడతల కాయ కావడంతో గుల్లగా ఉంటుంది, అదే సంచిలో తక్కువ తూగుతుంది. సంచుల సంఖ్య ఎప్పుడూ తూకం కాదు. కాటా మీద పెట్టి, సంచి బరువు తీసేసి రాసుకున్న కిలోలే లెక్కలోకి రావాలి.

తరుగును ఎలా తేల్చుకోవాలన్నది ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన పని, చాలామంది చేయని పని కూడా. యార్డులో మచ్చు చూసి, చేత్తో నలిపి, ఇంత పోతుందిలే అని అనుభవం మీద చెప్పే అంకె బేరానికి పనికొస్తుంది కానీ ధర కట్టడానికి పనికిరాదు. ప్రతి కొత్త లాటు నుంచి, ఒకే సంచి నుంచి కాకుండా నాలుగైదు సంచుల పైనుంచీ అడుగు నుంచీ తీసి, 50 కిలోలు విడిగా పెట్టండి. ముచ్చికలు తీయించి ముచ్చికలనూ కాయనూ వేర్వేరుగా తూచండి. ఆరబోసి మళ్లీ తూచండి. పట్టించే ముందు మిల్లును దులిపించండి, లేకపోతే నిన్నటి సరుకు ఇవాళ్టి తూకంలో కలుస్తుంది. పట్టాక జల్లెడ గుడ్డ, గొట్టం మలుపు, కారం పట్టే సంచి అంచులు, వీటన్నిటిలో అంటుకున్న పొడిని కుంచెతో దులిపి తూకంలో వేయండి. పది కిలోలతో ఈ పరీక్ష చేయవద్దు. మిల్లు లోపల అంటుకునే పొడి సరుకు ఎంతైనా ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది, కనుక చిన్న మచ్చులో తరుగు ఉన్నదానికంటే చాలా ఎక్కువగా కనబడుతుంది. నాలుగు తూకాలూ ఒక నోటు పుస్తకంలో లాటు నంబరు పక్కన రాసి పెట్టుకోండి. ఒక సీజను గడిచేసరికి ఏ రకంలో ఏ నెలలో ఎంత పోతుందో ఆ పుస్తకమే చెబుతుంది.

తేమ విషయంలో మరో చిక్కు ఉంది. 14 శాతం తేమ ఉన్న కాయను 10 శాతానికి ఆరబెడితే 4 శాతం తరుగు అనుకోవడం సహజం. నూరు కిలోలలో తేమ కానిది 86 కిలోలు. అది ఆరిన సరుకులో 90 శాతం అవుతుంది, కనుక మిగిలేది 95.56 కిలోలు, పోయేది 4.44 కిలోలు. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజులలో ఒక ఫిబ్రవరిలో, సరిగా ఆరని కొత్త తేజ లాటు కిలో 192కు వస్తోందని, 200 పెట్టే ఎండు సరుకు వదిలి దానిని కొన్నాను. తేమ 16 శాతం ఉంది. 10 శాతానికి ఆరేసరికి నూరు కిలోలకు 93.33 కిలోలే మిగిలాయి, కిలో 205.71 పడింది. ఎనిమిది రూపాయలు చౌక అనుకున్నది దాదాపు ఆరు రూపాయలు ప్రియమైంది. ఆరబోసిన కూలీ, కల్లంలో పోయిన నాలుగు రోజులూ దానికి అదనం. అప్పటినుంచి తేమ మీటరు లేకుండా నేను కాయ కొనలేదు. కారం పొడిలో తేమ 11 శాతానికి మించకూడదని ఆహార భద్రతా నిబంధన కూడా ఉంది, కనుక ఆరబెట్టకుండా తూకం మిగుల్చుకునే దారి మనకు లేదు, ఉండకూడదు కూడా.

ధర అన్నప్పుడు ఏ ధర అన్నది కూడా తేల్చుకోవాలి. గుంటూరు యార్డులో క్వింటాలుకు పలికిన ధర వేరు, కమిషన్, హమాలీ, లారీ కిరాయి కలిసి మీ మిల్లు దగ్గరకు చేరేసరికి పడే ధర వేరు. లెక్కలోకి రెండోదే తీసుకోవాలి. జీఎస్టీని తిరిగి జమ చేసుకోగలిగినవారు దానిని ఇందులో కలపకూడదు. ముచ్చికలు తీసే కూలీని మొత్తం మిశ్రమం మీద సమానంగా పంచకండి. సన్నకాయకు ఎక్కువ సమయం పడుతుంది, కనుక ఏ రకం కూలీని ఆ రకం కాయ ధరకే కలిపి, ఆ తరువాతే దిగుబడితో, అంటే కిలో కాయకు వచ్చే కారంతో, భాగించాలి. తరుగుకు ముందు పెట్టిన ఖర్చు ఏదైనా తరుగుతో పాటు పెరుగుతుంది. ప్యాకింగు వంటి, తరుగు తరువాత పెట్టే ఖర్చులను మాత్రం చివర్లో కిలోకు ఇంత అని కలిపితే చాలు. తీసిన ముచ్చికలకు నాలుగు డబ్బులు వస్తే, వాటిని భాగించే ముందే మొత్తం నుంచి తీసేయండి.

కారానికి నూనె పట్టించేవారు నూనెను నాలుగో సరుకుగా లెక్కించాలి. తినదగిన నూనెను బరువులో 2 శాతం వరకు, ఏ నూనె ఎంత వేశారో లేబులు మీద తెలియజేసి, కలపడానికి నిబంధనలు అనుమతిస్తాయి. 219.30 పడే పొడి 98 కిలోలు, 150 పడే నూనె 2 కిలోలు కలిపితే మిశ్రమం 217.91 అవుతుంది. నూనె పొడికంటే చౌక కనుక ధర కొంచెం దిగింది. నూనె పొడికంటే ప్రియమైన రోజున ఇదే లెక్క పైకి పోతుంది.

ఒకే రకాన్ని పలు దఫాలుగా కొన్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. తేజకు ప్రతి వారం 20,000 రూపాయలు కేటాయించి, మూడు వారాలలో కిలో 160, 200, 250 చొప్పున కొన్నారనుకుందాం. మామూలు సగటు 203.33. అదే డబ్బుకు మీ చేతికి వచ్చిన సరుకు మాత్రం 125, 100, 80 కిలోలు, మొత్తం 305 కిలోలు. 60,000ను 305తో భాగిస్తే 196.72. ధర తక్కువగా ఉన్న వారం ఎక్కువ సరుకు వచ్చింది కనుక నిజమైన సగటు కిందికి దిగింది. అలాగే కోల్డ్ స్టోరేజీలో 180 పడిన సరుకు 500 కిలోలు ఉండగా 220కి మరో 300 కిలోలు కొంటే, కొత్త సగటు 200 కాదు, 195. ప్రతి కొనుగోలు తరువాత ఇలా తిరగవేసుకుంటూ పోవడాన్ని తూకపు సగటు పద్ధతి అంటారు. నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2, ముందు వచ్చినది ముందు పోయే పద్ధతినీ ఈ పద్ధతినీ రెండింటినీ అంగీకరిస్తుంది. కోల్డ్ స్టోరేజీ అద్దెను పుస్తకాలలో నిల్వ విలువకు కలపవచ్చా లేదా అన్నది మీ ఆడిటర్‌ను అడిగి తేల్చుకోండి. అమ్మకం ధర కట్టుకునేటప్పుడు మాత్రం అది మీ జేబులోనుంచి పోయిన డబ్బే, తప్పక కలపాలి.

మీరు చివర్లో అడిగిన తిరుగు లెక్కకు వస్తాను. కిలో 220 పడేలా కారం కావాలి, ఏ పాళ్లలో కలపాలి? రెండే రకాలైతే జవాబు తేలిక. పొడి ధరలు 180, 370 అనుకోండి. 370కీ 220కీ తేడా 150, అది చౌక రకం పాలు. 220కీ 180కీ తేడా 40, అది ప్రియమైన రకం పాలు. అంటే 15కు 4 పాళ్లు. సరిచూస్తే 15 కిలోలకు 2,700, 4 కిలోలకు 1,480, మొత్తం 4,180 రూపాయలు, 19 కిలోలు, కిలో 220. మూడు రకాలకు మాత్రం ఒకే జవాబు ఉండదు. ఒకే ధర ఇచ్చే పాళ్లు ఎన్నైనా ఉంటాయి. అప్పుడు ధరతో పాటు రంగు అంకెనో ఘాటు అంకెనో కూడా ముందే నిర్ణయించుకుంటే పాళ్లు ఒక్క చోట నిలుస్తాయి. ధర ఒక్కటే చూసుకుని పాళ్లు కడితే ఈ లెక్క మనల్ని చౌక సరుకు వైపే నెడుతుంది. తాలు కాయను, అంటే రంగు వెలిసిన నాసి కాయను, 5 పాళ్లు కలిపితే సగటు ఎంత దిగుతుందో ఎవరైనా నిమిషంలో చెప్పగలరు. ఆ కారం కొన్న ఇల్లాలి ఆవకాయ జాడీ మూడో నెలకు నల్లబడితే దాని ధర ఏ సగటులోనూ కనబడదు. అందుకే నాణ్యతను ముందు నిలబెట్టి, దానికి ధర ఎంత పడుతుందో తరువాత చూడండి.

ఇక ధరలు మారినప్పుడల్లా ఇదంతా మొదటి నుంచి చేయాలా అన్నారు. అక్కరలేదు. పొడి తూకంలో మీ పాళ్లూ దిగుబడులూ స్థిరంగా ఉన్నంతకాలం, ప్రతి రకానికీ ఒక గుణకం కట్టుకుంటే చాలు, అది పాలును దిగుబడితో భాగించగా వచ్చేది. 334కు 0.60ని 0.90తో భాగిస్తే 0.667, తేజకు 0.284, బాడిగకు 0.174. దీని ప్రకారం బాడిగ కిలోకు పది రూపాయలు పెరిగితే మీ కారం 1.74 మాత్రమే పెరుగుతుంది, తేజ పెరిగితే 2.84, అదే పది రూపాయలు 334 పెరిగితే 6.67. మీ ఉత్తరంలో సగం బాడిగ ధర గురించిన బెంగే ఉంది. మీ పాళ్లను బట్టి చూస్తే, ఉదయం యార్డు ధరలు రాగానే మీరు ముందు చూడవలసినది 334 వరుస. ఈ మూడు గుణకాలనూ కాటా పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి. కొత్త లాటు వచ్చి తరుగు మారినప్పుడు మాత్రం వాటిని తిరిగి కట్టండి.